ఉప్పుగాలికి తలుపెయ్యాలంటే...

నెల్లూరులో ముత్తుకూరు గేటు దగ్గర మలుపు తిరిగి కృష్ణపట్నం రోడ్డెక్కితే కాసేపటికే ఊరి రొద వెనకబడుతుంది. రోడ్డుకు రెండు పక్కలా వరిచేలు. ఇంకాస్త ముందుకెళ్తే ఆ పచ్చదనం మధ్య నలుచదరంగా తవ్విన రొయ్యల చెరువులు మొదలవుతాయి. వాటిలో నీళ్లు చిమ్ముతూ గిరగిరా తిరిగే ఏరియేటర్లు. ఎదురుగా బొగ్గు లారీలు, నూనె ట్యాంకర్లు. సుమారు 20 కిలోమీటర్లు వచ్చేసరికి ముత్తుకూరు. సముద్రం ఇంకా కనిపించదు. కానీ కారు అద్దం దించి కాసేపు ప్రయాణించి, నాలుకతో పెదవి తడుపుకోండి. ఉప్పగా తగులుతుంది.

ఆ ఉప్పునీరే ఈ ప్రాంతానికి అన్నం పెడుతోంది. రొయ్యలు పెంచేది దానితోనే. ఓడలు వచ్చేది దానిమీదే. అదే ఉప్పు గాలిలో కలిసి ఇళ్లమీద పడి గేట్లను, కిటికీ ఊచలను, మేడమీద నీళ్ల ట్యాంకు కింది ఇనుప స్టాండును మెల్లగా తినేస్తోంది. రంగు వేసిన రెండేళ్లకే అడుగునుంచి తుప్పు పొంగుకొస్తుంది. ఇక్కడివాళ్లకది కొత్తేం కాదు. పండక్కి ఇంటికి సున్నం ఎలాగో, గేటుకు రంగూ అలాగే!

గేటంటే ఎదురుగా ఉంటుంది. తుప్పు పడితే కంటికి కనిపిస్తుంది. మరి కారు సంగతి? అక్కడ తుప్పు ముందుగా చేరేది ఎవరూ చూడని చోటికి... తలుపు చుట్టూ ఉండే నల్లటి రబ్బరు కిందికి. మనం రోజూ తలుపు తీస్తాం, వేస్తాం. ఆ రబ్బరు వంక ఒక్కసారైనా చూడం. మెకానిక్కులు దాన్ని ‘బీడింగ్’ అంటారు. ఆ బీడింగ్ మార్చే పనిని దగ్గరుండి చూస్తే, ఉప్పు తీరంలో బతకడమంటే ఏమిటో కూడా కొంత అర్థమవుతుంది.

పోర్టుతోపాటే కార్లూ...

ఒకప్పుడు ముత్తుకూరంటే వరి, చేపలు, ఉప్పు. కండలేరు వాగు సముద్రంలో కలిసే చోట కృష్ణపట్నం. శ్రీకృష్ణదేవరాయల పేరుమీదే ఆ ఊరికి ఆ పేరొచ్చిందంటారు. తీరం వెంటే సాగే ఉప్పునీటి బకింగ్‌హామ్ కాలువలో రైళ్లు రాకముందు మద్రాసుకు సరుకు పడవలు నడిచేవి. 1991లో ముత్తుకూరులో మత్స్య కళాశాల మొదలైంది. దాదాపు అదే రోజుల్లో టైగర్ రొయ్యల జోరు తీరమంతా కమ్మేసింది. 1994లో తెల్లమచ్చ తెగులు ఆ జోరును నేలకు దించింది. 2009లో వనామీ రకానికి అనుమతి దొరికాక చెరువులు మళ్లీ కళకళలాడాయి.

2008 జులైలో కృష్ణపట్నం పోర్టు ప్రారంభమయ్యాక ఊరి రూపమే మారింది. నేలటూరులో శ్రీ దామోదరం సంజీవయ్య థర్మల్ విద్యుత్ కేంద్రం లేచింది. 800 మెగావాట్ల యూనిట్లు రెండు ముందు వస్తే, మూడోదాన్ని 2022 అక్టోబరులో జాతికి అంకితం చేశారు. పంటపాళెం చుట్టుపక్కల వంటనూనె శుద్ధి కర్మాగారాలు వచ్చాయి. ఉద్యోగులొచ్చారు, అద్దె ఇళ్లొచ్చాయి. ఒకనాడు పెళ్లికో, ఆసుపత్రికో నెల్లూరు నుంచి టాక్సీ పిలిపించుకున్న వీధుల్లో ఇప్పుడు ఇంటిముందు కారు మామూలైపోయింది. అయితే చాలా ఇళ్లకు కారు షెడ్డు లేదు. వేపచెట్టు నీడో, రేకుల చూరో. రాత్రంతా గాలి తీసుకొచ్చిన ఉప్పు దానిమీద పడుతూనే ఉంటుంది.

ఉప్పుకు ఇంకో గుణం ఉంది. గాలిలో తేమ 75 శాతం దాటిందంటే అది తనంతట తానే నీరుకారుతుంది. వంటింట్లో ఉప్పుడబ్బా మూత తీసిపెడితే ఏమవుతుందో ఆడవాళ్లనడగండి! కారు రేకుమీద పడ్డ ఉప్పూ అంతే. వాన పడకపోయినా తెల్లవారేసరికి అక్కడ ఓ పలచటి ఉప్పునీటి పొర. తుప్పుకు అంతకంటే ఏం కావాలి?

నల్ల రబ్బరు నాలుగు పనులు

కారు తలుపు మూసినప్పుడు ‘ధన్’మని కాకుండా మెత్తగా ‘ధబ్’మని వినిపిస్తే అది బీడింగ్ గొప్పతనమే. చేసే పనులు నాలుగు. వాననీటిని ఆపడం, దుమ్మును ఆపడం, గాలిరొదను తగ్గించడం, ఏసీ చల్లదనం బయటికి పోకుండా చూడటం. ఒక్కో ద్వారం చుట్టూ మూడు మీటర్లకు పైగానే ఉంటుంది దీని పొడవు. చేత్తో నొక్కి చూడండి. ఓ పక్క గుల్లగా, మెత్తగా గొట్టంలా ఉంటుంది. తలుపు ఒత్తిడికి అణిగి సందును పూడ్చేది అదే. ఇంకో పక్క గట్టిగా, ఇంగ్లిషు ‘యూ’ ఆకారంలో ఉంటుంది. రేకు అంచును పట్టుకుని కూర్చునేది అది. దాని లోపల సన్నటి ఇనుప పట్టీ కూడా ఉంటుంది.

ఇది కేరళ తోటల్లో గీసిన పాలతో చేసే రబ్బరు కాదు. ఆ సహజ రబ్బరుకు సాగే గుణం ఎక్కువే కానీ ఎండకు, గాలిలోని ఓజోనుకు తట్టుకోదు. వంచి ఉంచిన చోటల్లా పగుళ్లిస్తుంది. అందుకే 1960ల్లో మార్కెట్లోకి వచ్చిన ఈపీడీఎం అనే కృత్రిమ రబ్బరు కార్ల తలుపులకు స్థిరపడింది. ఎండను, వానను, ఓజోనును ఏళ్ల తరబడి ఓర్చుకుంటుంది. దానికీ ఓ బలహీనత ఉంది. పెట్రోలు, డీజిలు, గ్రీజు తగిలితే ఉబ్బి మెత్తబడిపోతుంది. తలుపు కిర్రుమంటోందని బీడింగ్‌కు డీజిలు పూసేవాళ్లు తెలుసుకోవాల్సిన సంగతిది.

ఈపీడీఎం చిరంజీవి కూడా కాదు. నెల్లూరు రోహిణికార్తె ఎండల్లో తలుపులు బిగించి నిలబెట్టిన కారు లోపలి వేడి అందరికీ తెలిసిందే. పదేళ్లపాటు అలా అణిగీ అణిగీ ఆ గొట్టం తిరిగి లేవడం మానేస్తుంది. చూడ్డానికి పగుళ్లేమీ ఉండవు. కానీ సందు పూడదు. అప్పుడొస్తాయి ఈశాన్య రుతుపవనాలు!

వానాకాలం అంటే ఇక్కడ అక్టోబరు

రాష్ట్రంలో చాలాచోట్ల జూన్, జులై నెలల్లో గొడుగులు బయటికి తీస్తే, నెల్లూరు తీరంలో అసలు వానాకాలం అక్టోబరులో మొదలవుతుంది. ఏడాది వానలో సగానికి పైగా అక్టోబరు, నవంబరు, డిసెంబరు నెలల్లోనే. తుపానులూ అప్పుడే. 2015 నవంబరు వరదలు, 2021 నవంబరులో పెన్నా పొంగి హైవే తెగిన రోజులు, 2023 డిసెంబరు మొదటి వారంలో బాపట్ల దగ్గర తీరం దాటుతూ మిచౌంగ్ కురిపించిన వాన... జిల్లాలో ఎవరిని కదిలించినా చెబుతారు. ఆ వాన నిలువుగా పడదు. గాలితో కలిసి అడ్డంగా కొడుతుంది. తలుపు పక్కనుంచే లోపలికి దారి వెతుక్కుంటుంది.

ముత్తుకూరులో ఉండే మా చిన్నాన్న రొయ్యల రైతు. పదేళ్లు దాటిన చిన్న కారుంది. దాన్ని చెరువు గట్టుదాకా తీసుకెళ్లి, ఏరియేటర్లు చిమ్మే జల్లులోనే నిలిపి రాత్రిళ్లు మేత చూసుకుని వస్తాడు. దీపావళికి నాలుగు రోజుల ముందు నేను వెళ్లేసరికి ఇంట్లో అదే చర్చ. మర్నాటి ఉదయం పిన్నమ్మను చెన్నైలో కంటి డాక్టరుకు చూపించాలి. కారెక్కితే డ్రైవరు వెనక సీటు కింద కార్పెట్టు పిండితే నీళ్లొచ్చేట్టుంది. లోపలంతా ముక్కవాసన.

‘‘రబ్బర్లు పోయినాయి అబ్బయ్యా. అరగంట పని. మార్పించుకొని పొద్దున్నే పోదాం’’ అన్నాడు చిన్నాన్న. సరేనని ఇద్దరం మెయిన్ రోడ్డు పక్కన ఓ టింకరింగ్ షెడ్డుకు వెళ్లాం.

ముందు నీళ్లు ఎక్కడివో తెలియాలి

షెడ్డు మేస్త్రికి అరవై దగ్గరుంటాయి. కొత్త బీడింగ్ చుట్ట చేతిలోకి తీసుకుంటాడనుకున్నాం. ఆయన ముందు ఓ ప్రశ్న వేశాడు.

‘‘ఎండకాసిన రోజు కూడా తడి ఉంటాదా సార్? వాన పడినప్పుడేనా?’’

‘‘వాన పడితేనే’’ అన్నాడు చిన్నాన్న.

ఆ ప్రశ్నలోనే సగం వైద్యం ఉంది. వాన లేని రోజు కూడా ముందు సీటు కాళ్ల దగ్గర తడి ఉంటే తప్పు బీడింగ్‌ది కాకపోవచ్చు. ఏసీలో ఊరిన నీరు బయటికి పోయే గొట్టం మూసుకుపోయి లోపలికి కారుతుంటుంది. ముందు అద్దం కింద ఉండే గాడిలో ఆకులు, చెత్త నిండినా నీళ్లు లోపలికే వస్తాయి. తలుపు లోపలి అట్ట వెనక ఓ ప్లాస్టిక్ పొర అతికించి ఉంటుంది. స్పీకర్లు మార్చేటప్పుడు అది చిరిగితే అక్కణ్నుంచీ కారుతుంది. వీటిలో ఏది చెడినా నాలుగు బీడింగులు మార్చి ప్రయోజనం లేదు.

మేస్త్రి పాత క్యాలెండరు కాగితం చింపి తలుపు సందులో పెట్టి తలుపేశాడు. కాగితం లాగాడు. పైన, పక్కన బిగువుగా వచ్చింది. వెనక తలుపు కింది మూలలో మాత్రం పట్టే లేదు, జారిపోయింది. తర్వాత లోపల ఓ కుర్రాణ్ని కూర్చోబెట్టి, బయట సన్నధారగా నీళ్ల పైపు పట్టించాడు. కిందినుంచి మొదలుపెట్టి మెల్లగా పైకి జరిపించాడు. ‘‘పైనుంచి పోస్తే అన్ని చోట్లా తడుస్తాది. నీళ్లు యాడనుంచి వస్తాండాయో ఎట్టా తెలస్తాది?’’ అన్నాడు. కుర్రాడు సరిగ్గా ఆ మూలనే వేలు పెట్టి చూపించాడు.

ఈ రెండు పరీక్షలూ ఇంట్లో ఎవరైనా చేసుకోవచ్చు. ఓ కాగితం, ఓ నీళ్లపైపు, లోపల కూర్చోడానికి ఇంట్లో ఓ పిల్లాడు ఉంటే చాలు.

రబ్బరు పీకితే...

మేస్త్రి కింది మూల దగ్గర పట్టుకుని లాగితే బీడింగ్ పటపటా ఊడొచ్చింది. దాని గాడిలోంచి ఎర్రటి పొడి రాలింది. ద్వారం చుట్టూ నిలువుగా ఉండే రేకు అంచు, పై సగం రంగు చెదరకుండా మెరుస్తోంది. కింద రెండు జానల మేర పొరలు పొరలుగా లేచి ఉంది. ఓ చోట మేస్త్రి స్క్రూడ్రైవరుతో నొక్కితే మొన లోపలికి దిగిపోయింది.

కారు ఒంటి రేకు చాలాచోట్ల మిల్లీమీటరు మందం కూడా ఉండదు. దానికి రక్షణ రంగే. బీడింగ్ పట్టు సడలగానే రేకుకూ రబ్బరుకూ మధ్య ఉప్పునీరు చేరుతుంది. బయట రేకుమీద పడ్డ నీళ్లు ఎండకు ఆరిపోతాయి. రబ్బరు కిందివి ఆరవు. గాలాడని ఇరుకు సందులో నిలిచిన ఉప్పునీరు బాహాటంగా ఉన్న రేకుకంటే ఎక్కువ వేగంగా ఇనుమును తినేస్తుంది. నీళ్లను ఆపాల్సిన రబ్బరే నీళ్లను దాచిపెట్టే సంచిగా మారిపోతుందన్నమాట. ఊళ్లోని ఏ గేటుకూ లేని ఇబ్బంది ఇది.

‘‘కొత్త రబ్బరు పైన బిగించేయ్ మేస్త్రీ. చెన్నై పోయొచ్చినాక మిగతాది చూద్దాం’’ అన్నాడు చిన్నాన్న.

మేస్త్రి తల అడ్డంగా ఊపాడు. ‘‘బిగించమంటే బిగిస్తా సార్. అరగంట పని. డబ్బులూ వస్తాయి. కానీ ఇట్టనే మూసేస్తే లోపల తడి లోపలే ఉంటాది. కొత్త రబ్బరు బాగా పడతాది కాబట్టి ఇంకా ఆరదు. రెండు వానాకాలాలు పోతే ఈడ రేకు ఉండదు. అప్పుడు రబ్బరు దేన్ని పట్టుకుంటాది?’’

‘‘మరి ఎన్నాళ్లంటావు?’’

‘‘రెండు రోజులు. రబ్బరుకు అరగంటే. మిగతాదంతా తుప్పుకు, ఆరేదానికి.’’

చిన్నాన్న మాట్లాడలేదు. మర్నాటి డాక్టరు అపాయింట్‌మెంటు నెల ముందు తీసుకున్నది. బయట మబ్బు పట్టి ఉంది. రొయ్యల ధర పడిపోయి ఉన్న సమయంలో రేకు పని ఖర్చు వేరే. సీటు బెల్టు బిగింపు ఉండేది తుప్పు పట్టిన చోటికి జానెడు దూరంలోనే. మేస్త్రి దాన్ని చూపించి ఇంకేమీ అనలేదు. కాసేపటికి చిన్నాన్నే ఫోను తీసి, నెల్లూరు నుంచి పొద్దున రైలుకు టికెట్లు దొరుకుతాయేమో చూడమని నాకిచ్చాడు. పిన్నమ్మ రైల్లో వెళ్లింది. కారు షెడ్డులో తలుపులన్నీ తెరుచుకుని నిలబడింది.

ఉప్పు కాగితంతో ఉప్పు విరుగుడు

ఆ రెండు రోజులూ జరిగిన పని వరస ఇది. ముందు రేకు అంచంతా మంచినీళ్లతో కడిగారు. తుప్పును గీకేముందు ఉప్పు కరిగిపోవాలి. లేకపోతే పైన ఎంత రంగేసినా అడుగున మిగిలిన ఉప్పు మళ్లీ తేమను లాగుతుంది. తర్వాత కార్పెట్టు లేపి, ఫ్యాను పెట్టి ఆరబెట్టారు. వైరు బ్రష్‌తో పొరలు రాల్చి, ఉప్పు కాగితంతో తెల్లటి ఇనుము కనిపించేదాకా రుద్దారు. ఉప్పు తెచ్చిన తుప్పును వదిలించేది ఉప్పు కాగితం... పేరు మన తెలుగువాళ్లు భలే పెట్టారు! చిల్లుపడ్డ చోట తుప్పు రేకు కోసి, కొత్త ముక్క వెల్డింగ్ చేశారు. గుంటల్లో మిగిలిన తుప్పుకు ఫాస్ఫారిక్ ఆమ్లం ఉండే మందు పూశారు. ఆపైన ప్రైమరు, రంగు. ఓ రాత్రంతా ఆరాకే బీడింగ్ బయటికి తీశారు.

బీడింగ్ రెండు రకాలుగా దొరుకుతుంది. ఆ మోడల్‌కే చేసిన కంపెనీది తలుపు లెక్కన వస్తుంది. మూలలు అచ్చులో పోసినట్టు అమరుతాయి. లోకల్ రకం మీటరు లెక్కన కోసిస్తారు. ధర తక్కువే. అయితే గొట్టం లావు, రేకు పట్టే గాడి వెడల్పు పాతదానితో సరిపోలాలి. గొట్టం మరీ లావైతే తలుపు పడదు. కొట్టి కొట్టి వేస్తుంటే కీళ్లు, తాళం పాడవుతాయి. సన్నదైతే నీళ్లాగవు. అందుకే కొట్టుకు వెళ్లేటప్పుడు పాత బీడింగ్ ముక్కను జేబులో వేసుకెళ్లడం మంచిది. చిన్నాన్న కారుకు వెనక తలుపులకు కంపెనీవి దొరికాయి. ముందు తలుపులవి ఇంకా లేచే ఉన్నాయి కాబట్టి కడిగి, తిరిగి వాటినే బిగించారు.

బిగించడంలోనూ కిటుకుంది. అతుకు ద్వారం అడుగున, మధ్యలో రావాలి. పైనొస్తే అక్కణ్నుంచే నీళ్లు దిగుతాయి. అక్కడ మొదలుపెట్టి, మూలల్లో ముడత పడకుండా, ఎక్కడా సాగదీయకుండా అరచేత్తో నొక్కుతూ రావాలి. సాగదీసి బిగిస్తే ఆరోజు చక్కగా ఉంటుంది. నెల తిరిగేసరికి రబ్బరు మళ్లీ ముడుచుకుని అతుకు దగ్గర నోరు తెరుస్తుంది. అందుకని కోసేటప్పుడు పిసరంత పొడవుంచి, కొనలు రెండూ ఒకదానికొకటి ఒత్తుకునేట్టు నొక్కుతారు. కోసిన చోట లోపలి ఇనుప పట్టీ బయటపడుతుంది కాబట్టి, దానిమీద సీలెంటు చుక్క పెడతారు. రబ్బరు సుత్తితో చుట్టూ ఓసారి తట్టాక మళ్లీ కాగితం పరీక్ష. ఈసారి కింది మూలలో కాగితం చిరిగిందే కానీ జారలేదు.

తెప్ప చెప్పే పాఠం

నీళ్లను ఎలా ఆపాలన్న ప్రశ్న ఈ తీరానికి కారుతో వచ్చింది కాదు. వెనకటికి ఈ కోరమాండల్ తీరంలో మసూలా పడవలుండేవి. పలకలను మేకులతో కొట్టకుండా కొబ్బరితాడుతో కుట్టేవారు. కుట్టు సందుల్లో నారో, గడ్డో కూరేవారు. ఇనుప మేకు ఉంటే ఉప్పుకు తుప్పుపడుతుంది. బిగుసుకుపోయిన పడవ అలల దెబ్బకు పగులుతుంది. కుట్టిన పడవ అలతోపాటు ఊగి సర్దుకునేది. మద్రాసుకు హార్బరు కట్టకముందు ఓడల నుంచి మనుషులను, సరుకును ఒడ్డుకు చేర్చినవి ఈ పడవలే. కుట్టు సందులో కూరిన ఆ నార మన బీడింగ్‌కు ముత్తాత అనుకోవచ్చు. దాన్నీ ఎప్పటికప్పుడు విప్పి మార్చేవారు.

తెప్పది ఇంకో దారి. దుంగలను పక్కపక్కన పేర్చి తాడుతో కట్టడమే. నీళ్లను ఆపాలని అది అసలు ప్రయత్నించదు. అల పైకొస్తుంది, దుంగల సందుల్లోంచి కిందికి పోతుంది. నీరు నిలవదు కాబట్టి మునగదు. ఇప్పుడు తీరంలో ఎక్కువగా కనిపించేవి ఫైబర్ బోట్లు. వేట నుంచి రాగానే ఇంజన్ను మంచినీళ్లతో కడగడం వాళ్లు మరిచిపోరు.

విచిత్రమేమిటంటే కారు తలుపులో పడవా ఉంది, తెప్పా ఉంది. బీడింగ్ నీళ్లను ఆపుతుంది. కానీ అద్దం పక్కనుంచి జారే వాననీరు ఎలాగూ తలుపు బొజ్జలోకి దిగుతుంది. అది తప్పు కాదు, కారును అలాగే తయారుచేస్తారు. అందుకే తలుపు అడుగున రెండు మూడు చిన్న రంధ్రాలుంటాయి. నీరు అక్కణ్నుంచి నేలమీద పడిపోవాలి. చిన్నాన్న కారులో అవి చెరువుగట్టు బురదతో పూడిపోయి ఉన్నాయి. మేస్త్రి కొబ్బరి ఈనె పెట్టి పొడిచేసరికి ఒక్కో తలుపులోంచి ఎర్రనీళ్లు బొటబొటా కారాయి. ‘‘రానీకుండా ఆపేది ఒక ఎత్తు. వచ్చినదాన్ని పోనిచ్చేది ఇంకో ఎత్తు. రెండూ చూసుకోవాల సార్’’ అన్నాడాయన. పిన్నమ్మ చెన్నై నుంచి వచ్చిన మర్నాడు బిల్లు చూస్తే రబ్బర్లకు అయినదానికంటే రేకు పనికే ఎక్కువైంది. చిన్నాన్న గొణగలేదు. ఆ రోజు సాయంత్రమే గాలివాన కొట్టింది. కార్పెట్టు పొడిగానే ఉంది.

మీ కారుకూ ఓ ఆదివారం

* సముద్ర తీరాన ఉండేవాళ్లు ఏటా సెప్టెంబరులో, అంటే అసలు వానలకు ముందే, కాగితం పరీక్ష చేసుకోండి. ఒక్కో తలుపుకు ఐదారు చోట్ల చూడాలి.

* అడుగు భాగంలో బీడింగ్‌ను జానెడు మేర ఊడదీసి రేకును చూడండి. అంటించిన రకం కాకపోతే చేత్తోనే ఊడుతుంది, నొక్కితే తిరిగి కూర్చుంటుంది. ఎర్రపొడి కనిపిస్తే ఆలస్యం చేయొద్దు.

* బీడింగ్‌ను సబ్బునీళ్లలో ముంచిన గుడ్డతో తుడిచి, ఆరాక సిలికాన్ స్ప్రేను గుడ్డమీద కొట్టుకుని పలచగా పూయండి. డీజిలు, కిరోసిన్, గ్రీజు వద్దు.

* తలుపుల కింది రంధ్రాలను చీపురుపుల్లతో శుభ్రం చేయండి. ‘నీళ్లు వస్తున్నాయి కదా’ అని వాటిని ఎంసీల్‌తో పూడ్చేవాళ్లున్నారు. అలా చేస్తే తలుపు లోపలి నుంచే పుచ్చిపోతుంది.

* కార్పెట్టు తడిస్తే పైపైన తుడిచి వదిలేయొద్దు. కింద ఉండే దూది పొరలో నీళ్లు వారాల తరబడి నిలుస్తాయి. లేపి ఆరబెట్టాల్సిందే.

* పాత కారు కొనేటప్పుడు పైన రంగు మెరుపు చూసి మురిసిపోకండి. యజమానినడిగి వెనక తలుపు దగ్గర బీడింగ్ కాస్త పక్కకు తీసి చూడండి. రంగులు దాచిపెట్టే చరిత్ర అక్కడ ఉంటుంది.

సముద్రం చూసొచ్చాక...

ముత్తుకూరు దాకా వచ్చినవాళ్లు కృష్ణపట్నం తీరం చూడకుండా వెనక్కి వెళ్లరు. ఓ పక్క పోర్టు క్రేన్లు, దూరాన లంగరేసిన ఓడలు, ఇంకో పక్క ఒడ్డుకు లాగిన బోట్లు, ఆరేసిన వలలు. నెల్లూరు మీదుగా ఇందుకూరుపేట మండలం వైపు వెళ్తే మైపాడు బీచ్ ఉంది. ఎటెళ్లినా తిరుగు ప్రయాణంలో పిల్లల కాళ్లకు ఇసుక, బట్టలకు ఉప్పు, కారుకు రెండూ అంటుకునే వస్తాయి. ఇంటికి రాగానే పిల్లలకు స్నానం చేయిస్తాం కదా... కారుకూ రెండు బకెట్ల మంచినీళ్లు పోయండి. నాలుగు తలుపులూ తెరిచి, బీడింగ్ చుట్టూ, తలుపు అడుగు అంచునూ తడిగుడ్డతో తుడవండి. ఓ అరగంట తలుపులు అలాగే తెరిచి ఉంచండి. ఆరాకే మూయండి.